రోల్ ప్లేయింగ్ గేముల్లో ఒకటి మేలని దేన్ని బట్టి చెప్పాలి?

పటమట_ఆటగాడు, విజయవాడ:

అందరికీ నమస్కారం. ఒక పాత్రను తీసుకుని, దాన్ని పెంచుకుంటూ కథలో ముందుకు సాగే రోల్ ప్లేయింగ్ గేములు చాలాకాలంగా ఆడుతున్న పెద్దలు ఇక్కడ కొందరున్నారు కనుక ఈ ప్రశ్న అడుగుతున్నాను. నేను ‘స్కైరిమ్’, ‘ది విచర్ 3’ రెండూ చివరిదాకా ఆడాను. సెమిస్టర్ పరీక్షలయ్యాక వేసవి సెలవుల్లో ఆడుకోవడానికి ఒక కొత్త గేమ్ కొందామని డబ్బు కూడబెట్టుకున్నాను, అయితే ఒక్కటే కొనగలను. మా స్నేహితుల్లో ఒకడు ‘బాల్డర్స్ గేట్ 3’ తప్ప మరేదీ వద్దంటున్నాడు, ఇంకొకడు ‘ఎల్డెన్ రింగ్’ ఆడనివాడు ఏమీ ఆడనట్టేనంటున్నాడు, మూడోవాడు 2025లో వచ్చిన ‘క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ ముందు ఆ రెండూ నిలవవని వాదిస్తున్నాడు. ఎవరి దగ్గర ఏది ఉంటే వారికి అదే గొప్పగా తోస్తోంది.

యూట్యూబ్‌లో వెతికితే పది గేముల జాబితాలు కావలసినన్ని దొరుకుతున్నాయి గానీ, ఆ వరుసలో ఒకటి పైన, మరొకటి కింద ఎందుకున్నాయో చెప్పేవారు కనిపించడం లేదు. ఎన్ని గంటలు ఆడవచ్చు, మ్యాపు ఎంత పెద్దది, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి అనే లెక్కలు నాకు తృప్తినివ్వడం లేదు. స్కైరిమ్‌లో ఎన్ని గంటలైనా తిరగవచ్చు, తిరిగాను కూడా. కానీ విచర్ 3లో వెలెన్ అనే ఆ బురదనేల ప్రాంతంలో గడిపిన కొద్దిసేపే నా మనసులో ఎక్కువగా నిలిచింది. అందువల్ల మీరు ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ మంచిదని దేన్ని బట్టి అంటారో, ఆ కొలతతో పై మూడింటినీ ఎలా చూస్తారో వివరంగా చెప్పమని మనవి.

గుణదల_కొండ, విజయవాడ:

తమ్ముడూ, వెలెన్ నీకెందుకు గుర్తుండిపోయిందో అక్కడి నుంచే మొదలుపెడతాను. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మే నెలలో విడుదల చేసిన ఈ గేమ్‌లో బ్లడీ బ్యారన్ కథ ఆడనివారు ఎవరైనా ఉంటే ఈ పేరా చదవకుండా దాటిపోవడం మంచిది. తాను కూతురిలా చూసుకునే సిరి ఆచూకీ కోసం, రాక్షసులను వేటాడే కథానాయకుడు గెరాల్ట్ ఆ బ్యారన్ దగ్గరికి వెళ్తాడు, కనిపించకుండా పోయిన తన భార్యనూ కూతురినీ వెతికి పెడితేనే తనకు తెలిసింది చెబుతానని అతను షరతు పెడతాడు. వెతుకుతూ పోగా, ఆ తల్లీకూతుళ్లు అతని తాగుడుకూ దెబ్బలకూ తాళలేక ఇల్లు విడిచిపోయారని బయటపడుతుంది. కడుపులోనే పోయిన బిడ్డ పిశాచమై తిరుగుతుంటే దాన్ని కత్తితో అంతం చేయవచ్చు, లేదా ఆ బ్యారన్ చేతనే బిడ్డను ఎత్తించి, దారిలో అడ్డుపడే దయ్యాలను ఎదుర్కొంటూ ఇంటిదాకా నడిపించి, పేరు పెట్టించి, గడప దగ్గర పాతిపెట్టించవచ్చు. అంతవరకూ అసహ్యించుకున్న మనిషి ఆ బిడ్డను మోస్తూ నడుస్తుంటే పక్కన నడవడం మామూలు అనుభవం కాదు. ఆ తర్వాత, దీనితో సంబంధమే లేనట్టు కనిపించే మరో పనిలో, ఒక చెట్టు వేళ్ల మధ్య బందీగా ఉన్న ఆత్మను విడిపించాలా, చంపాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. విడిపిస్తే అడవిలోని అనాథ పిల్లలు బతికిపోతారు కానీ బ్యారన్ సంసారం సర్వనాశనమవుతుంది. చంపితే ఆ ఇల్లాలు మతి చెడినా ప్రాణాలతో మిగులుతుంది, పిల్లలు మాత్రం మళ్లీ కనిపించరు. నిర్ణయం తీసుకునే క్షణంలో ఇందులో ఏదీ మనకు తెలియదు. మంచికి ఇన్ని మార్కులు, చెడుకు ఇన్ని మార్కులు అని తెరమీద ఏ అంకే కనిపించదు.

నా కొలత ఇదే. మనం చేసిన పని ఆ లోకంలో చెరిగిపోకుండా ఉండి, మనం మరచిపోయాక ఎప్పుడో మన ముందుకు రావాలి. స్కైరిమ్ అంటే నాకూ ఇష్టమే, 2011లో వచ్చిన ఆ గేమ్‌ను ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే ఊరికే కాదు. అయితే మంత్రాలు దాదాపు నేర్చుకోకుండానే వింటర్‌హోల్డ్ మాంత్రిక కళాశాలకు అధిపతి కావచ్చు, అయ్యాక కూడా ఆ కళాశాల నడకలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. నువ్వు ఎవరివో ఆ గేమ్‌కు పట్టదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ చెక్ దేశంలోని వార్‌హార్స్ సంస్థ 2018లో తెచ్చిన ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్’. 15వ శతాబ్దపు తొలినాళ్ల బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశపు ప్రాంతంలో, హెన్రీ ఒక కమ్మరి కొడుకు, అతనికి చదువు రాదు. అందువల్ల పుస్తకం తెరిస్తే మనకు కూడా అక్షరాలు తారుమారై కనిపిస్తాయి. ఒక లేఖకుడి దగ్గర కూర్చుని చదువు నేర్చుకున్న తర్వాత, చదివేకొద్దీ ఆ మాటలు కుదురుకుంటూ వస్తాయి. పాత్రకు రానిది ఆటగాడికి కూడా రాకుండా చేయడం ఎంత సాహసమో ఆలోచించు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగంలోనూ బట్టలకు మురికో నెత్తురో అంటుకుని ఉంటే ఎదుటివారు మన మాటకు ఇచ్చే విలువ తగ్గుతుంది.

విచర్ 3లో లోపాలు లేవని నేననను. ఎంత పేరున్న కత్తి దొరికినా నాలుగు లెవెళ్లు పెరిగేసరికి అది పనికిరాకుండా పోవడం, స్కెల్లిగె అనే దీవుల చుట్టూ ఉన్న సముద్రం నిండా, వెళ్లి చూడాల్సిన చోట్లని మ్యాపు మీద ఒకే రకమైన ప్రశ్నార్థకపు గుర్తులు పరచడం ఆ గేమ్ స్థాయికి తగినవి కావు. నీ స్నేహితులు చెప్పిన మూడింటిలో నా కొలతకు బాగా దగ్గరగా వచ్చేది బాల్డర్స్ గేట్ 3.

బ్రాడీపేట_వాసి, గుంటూరు:

గుణదల గారు చెప్పినదానిలో చాలావరకు నాకూ సమ్మతమే, కానీ ఎంపికలూ వాటి ఫలితాలే కొలత అంటే మాత్రం ఒప్పుకోలేను. ఆ కొలతే పట్టుకుంటే జపాన్‌లో దశాబ్దాలుగా సాగుతున్న రోల్ ప్లేయింగ్ గేముల సంప్రదాయంలో చాలా భాగం లెక్కలోకి రాకుండా పోతుంది. మా గుంటూరు, తెనాలి వైపు పద్యనాటకాలు చూస్తూ పెరిగినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. రాయబారం ఎలా ముగుస్తుందో పందిట్లో కూర్చున్న ప్రతివారికీ తెలుసు, పద్యాలు సగంమందికి నోటికి వచ్చు. అయినా ఈ నటుడు ఆ పద్యం ఎలా ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో, రాగం ఎంతసేపు తీస్తాడో చూడటానికే తెల్లవార్లూ మేలుకొని ఉంటారు. కథ అక్షరం మారకపోయినా పాత్ర పోషణ నటుడిదే. ఆటల్లో ఆ పోషణకు చోటు పోరాటంలో ఉంటుంది, పాత్రను ఏ దారిలో పెంచుకున్నామన్న దానిలో ఉంటుంది.

ఎక్స్‌పెడిషన్ 33నే తీసుకోండి. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరానికి చెందిన శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ దాన్ని 2025 ఏప్రిల్ 24న విడుదల చేయగా, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం దానికే దక్కింది. ఏడాదికొకసారి పెయింట్రెస్ అనే ఆమె దూరాన ఉన్న మహాస్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసువారు ఊరివారి కళ్లముందే పూలరేకులై గాలిలో కలిసిపోతారు. అంకె ఏటేటా ఒక్కొక్కటి తగ్గుతూ వస్తుంది. ఆమెను ఆపడానికి బయలుదేరినవారి కథ ఇది. ఇందులో కథను మలుపు తిప్పే ఎంపిక చివర్లో ఒక్కటి తప్ప మనకు దాదాపు లేదు, అయినా నేను ఆడిన పద్ధతికీ మా తమ్ముడు ఆడిన పద్ధతికీ పోలికే ఉండదు. పోరాటం వంతులవారీగా సాగుతుంది కానీ శత్రువు వంతు వచ్చినప్పుడు మనం చేతులు ముడుచుకుని కూర్చోలేం. దెబ్బ పడే క్షణాన్ని పసిగట్టి పక్కకు తప్పుకోవచ్చు, లేదా అంతకంటే ఇరుకైన వ్యవధిలో మీట నొక్కి కత్తితో అడ్డుకోవచ్చు. తప్పుకోవడం తేలిక. అడ్డుకుంటే మాత్రం తర్వాతి వంతులో వాడుకునే పాయింట్లు పెరుగుతాయి, వరుస దెబ్బలన్నిటినీ అడ్డుకోగలిగితే ఎదురుదెబ్బ కూడా పడుతుంది. ఏ పాత్రకు ఆ పాత్రకు పోరాటపు నియమాలు వేరు: మేల్ అనే అమ్మాయి ఖడ్గవిద్యలో భంగిమలు మార్చుకుంటూ పోతుంది, లూన్ అనే మాంత్రికురాలు ఒక మంత్రం మిగిల్చిన వర్ణాన్ని తర్వాతి మంత్రానికి బలంగా వాడుకుంటుంది. పిక్టోస్ అనే వస్తువును ధరించి 4 పోరాటాలు గెలిస్తే, దాని గుణాన్ని ఆ తర్వాత బృందంలో ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. ఈ గుణాలను ఒకదానితో ఒకటి జోడించి చూడటంలోనే నాకు రాత్రులు గడిచిపోయాయి. ఆఖరి భాగంలో ఈ జోడింపులు హద్దు మీరి పెద్ద పెద్ద శత్రువులు కూడా ఒక్క దెబ్బకు కూలిపోవడం నాకు నచ్చలేదని కూడా చెప్పాలి.

ఎల్డెన్ రింగ్ సంగతి ఇంకొకటి. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి హిదెతాకా మియజాకి దర్శకత్వంలో 2022 ఫిబ్రవరి 25న వచ్చిన ఆ గేమ్‌లో కష్టాన్ని తగ్గించుకునే సెట్టింగే లేదు. ఆట మొదలై బయటి నేల మీద అడుగు పెట్టగానే, బంగారు కవచం తొడిగిన ఒక అశ్వవీరుడు మన దారిలోనే పహరా తిరుగుతుంటాడు. ఉత్సాహపడి మీదికి వెళ్తే రెండు మూడు దెబ్బలకే ప్రాణం పోతుంది. అతన్ని చుట్టి వెళ్లవచ్చని, బలం పుంజుకున్నాక తిరిగి రావచ్చని ఏ పాత్రా వచ్చి మనకు చెప్పదు, ఆ నేలే నేర్పుతుంది. చనిపోతే, శత్రువులను చంపి కూడబెట్టిన రూన్లు (పాత్రను పెంచుకోవడానికి ఖర్చు పెట్టేవి) పడ్డచోటే ఉండిపోతాయి, వాటిని చేరుకునేలోపు మళ్లీ చనిపోతే ఇక అవి పోయినట్టే. ఇక్కడ పాత్ర ఎదుగుదలతో సమానంగా ఆడేవాడి చెయ్యి కూడా ఎదుగుతుంది. అయితే అందులోని మనుషుల కథలు ఎక్కడా వరుసగా రాసి ఉండవు, ఒక చోటికి ఆలస్యంగా వెళ్తే ఒకరి కథ మనకు తెలియకుండానే ముగిసిపోయి ఉంటుంది. దాన్ని గొప్పతనంగా చెప్పేవారున్నారు, నేను మాత్రం లోపమనే అంటాను.

పటమట_ఆటగాడు, విజయవాడ:

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు కొన్ని సందేహాలు మిగిలాయి. బాల్డర్స్ గేట్ 3లో ప్రతి మాటకూ పాచికలు వేయాలట కదా, అలాంటప్పుడు అదృష్టం మీద ఆధారపడిన గేమ్‌ను మంచి గేమ్ అని ఎలా అంటాం? నేను ఇంటర్మీడియట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివాను, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ వేగంగా చదవలేను. అదీగాక మా ఇంట్లో వేసవి మధ్యాహ్నాలు చెప్పాపెట్టకుండా కరెంటు పోతుంటుంది. ఈ రెండింటినీ కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

లక్ష్మీపురం_మేడమ్, గుంటూరు:

బాబూ, పాచికల గురించి నీ సందేహం సహజమైనదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ఆ గేమ్ బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట ఐదో ఎడిషన్ నియమాల మీద ఆధారపడింది. ఒకరిని ఒప్పించాలన్నా, బెదిరించాలన్నా, తాళం తీయాలన్నా 20 ముఖాల పాచిక పడుతుంది, ముందుగా చెప్పిన అంకెను అది అందుకోవాలి. 20 పడితే ఎలాగైనా గెలుపే, 1 పడితే ఎంత నేర్పరికైనా ఓటమే. ఈ రెండు కొసల మధ్య ఉన్నదంతా నీ చేతిలో ఉంటుంది, ఎందుకంటే నీ పాత్ర నైపుణ్యం, తోడున్నవారు వేసే మంత్రం, సంపాదించుకున్న ప్రేరణతో మళ్లీ పాచిక వేసే అవకాశం అన్నీ ఆ అంకెకు సాయపడతాయి. అంతకంటే ముఖ్యమైనది, పాచిక పారకపోయినా కథ ఆగదు, వేరే దారి పడుతుంది. మాటలతో ఒప్పించలేకపోయిన కాపలావాడిని దాటడానికి గోడ ఎక్కే దారో, మారువేషమో ఉంటుంది. పాచిక పారనప్పుడల్లా సేవ్ ఫైలు తెరిచి మళ్లీ వేసేవారిని చాలామందిని చూశాను, వారు ఆ గేమ్‌లో మంచి భాగాన్ని తమ చేతులతోనే పోగొట్టుకుంటున్నారు.

ఆ గేమ్ నియమాలను ఎంత నిజాయితీగా పాటిస్తుందో చెప్పడానికి ఒక్క వివరం చాలు. చనిపోయినవారితో మాట్లాడే మంత్రం ఒకటుంది, దానితో శవాన్ని లేపి ప్రశ్నలు అడగవచ్చు. కానీ ఆ మనిషిని చంపింది నువ్వే అయితే, శవం నిన్ను గుర్తుపట్టి మాట్లాడటానికి ఒప్పుకోదు. అప్పుడు మారువేషం మంత్రం వేసుకుని వేరే ముఖంతో అడిగితే జవాబు చెబుతుంది! తయారుచేసినవారు ఇంత దూరం ఆలోచించారు కదా అని ఆ రోజు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. గుణదల గారు లోకం గుర్తుపెట్టుకోవాలన్నారు, బ్రాడీపేట గారు ఆడే తీరుకు విలువ ఉండాలన్నారు. ఈ ఒక్క శవం దగ్గర ఆ రెండూ కలిశాయి.

ఓడిపోవడాన్ని కూడా ఆస్వాదించేలా రాసిన గేమ్ ఇంకొకటి ఉంది, అది నీ జాబితాలో లేకపోయినా చెప్పకుండా ఉండలేను. ఎస్తోనియాలో పుట్టిన జాఉమ్ సంస్థ 2019లో తెచ్చిన ‘డిస్కో ఎలిసియం’లో మామూలు పోరాట వ్యవస్థ అనేదే లేదు. గతం మరచిపోయిన ఒక డిటెక్టివ్, అతని బుర్రలో 24 నైపుణ్యాలు, ఒక్కొక్కటీ ఒక గొంతుగా మారి అతనితో మాట్లాడుతుంది. సానుభూతి ఒక మాట చెబితే, విజ్ఞానం దానికి సంబంధం లేని చరిత్ర పాఠం మొదలుపెడుతుంది. పాత్రకు శరీర బలం మరీ తక్కువ పెట్టుకుంటే, మొదటి గదిలో తిరుగుతున్న ఫ్యాను నుంచి తన టై లాక్కోబోయి గుండె ఆగి చనిపోయే ప్రమాదం కూడా ఉంది. రాత విషయంలో దానికి సాటి వచ్చే గేమ్‌ను నేను చూడలేదు. అయితే అందులో ఉన్నది 10 లక్షలకు పైగా పదాల ఇంగ్లీషు, అది కూడా తేలికైన ఇంగ్లీషు కాదు. అందుచేత నీకు ఇప్పుడే దాన్ని కొనమని చెప్పను.

భాష గురించి నువ్వు అడగడం చాలా మంచిదైంది, ఎందుకంటే సమీక్షలు రాసేవారు దీన్ని పట్టించుకోరు. ఇక్కడ చెప్పుకున్న వాటిలో దేనికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. అప్పుడు చూడవలసింది ఎంత చదవాలన్నది ఒక్కటే కాదు, చదవడానికి ఆ గేమ్ ఎంత సమయం ఇస్తుందన్నది కూడా. బాల్డర్స్ గేట్ 3లో చదవవలసింది చాలా ఉన్నా, నువ్వు జవాబు ఎంచుకునేదాకా ఎదుటివారు ఎంతసేపైనా ఆగుతారు, పోరాటం కూడా వంతులవారీగా సాగుతుంది కనుక మంత్రం వివరణ నిదానంగా చదువుకుని వేయవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో మాటలు తక్కువ, కథంతా వస్తువుల వర్ణనల్లో దాగి ఉంటుంది, పాతకాలపు ధోరణిలో రాసిన ఆ ఇంగ్లీషు అర్థం కాకపోయినా పోరాటానికి అడ్డం రాదు. నా దగ్గర చదువుకున్న విద్యార్థులు కొందరు ఇలాంటి గేములు ఆడుతూ పక్కన నోటు పుస్తకంలో కొత్త మాటలు రాసుకునేవారు, వారి చదివే వేగం పెరగడం నేను తరగతిలో గమనించాను.

గుణదల_కొండ, విజయవాడ:

మేడమ్ చెప్పిన శవం సంగతి నేను రాయవలసిందే, నా వాదనకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. కరెంటు విషయం నేను చెబుతాను తమ్ముడూ. బాల్డర్స్ గేట్ 3లో కీబోర్డు మీద ఎఫ్5 నొక్కితే అక్కడికక్కడే సేవ్ అవుతుంది, పోరాటం మధ్యలో కూడా నొక్కవచ్చు. ఎల్డెన్ రింగ్‌లో మనం సేవ్ చేసేదేమీ ఉండదు, అది తనంతట తానే సేవ్ చేసుకుంటూ పోతుంది, కానీ బాస్‌తో, అంటే ఒక ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువుతో, తలపడుతుండగా కరెంటు పోతే ఆ పోరాటం మళ్లీ మొదటికి వస్తుంది. కింగ్‌డమ్ కమ్‌లో మనకు నచ్చినచోట సేవ్ చేయాలంటే ఒక మద్యం సీసా ఖర్చవుతుంది, లేదంటే మంచం వెతుక్కుని నిద్రపోవాలి; ఆ నియమం నాకెంత ఇష్టమైనా యూపీఎస్ లేని ఇంట్లో దాన్ని ఆడమని నీకు చెప్పలేను.

ఇంకొక మాట, బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ కావాలి, అది కూడా ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) మీద. ఎల్డెన్ రింగ్‌కు 60 జీబీ చాలు. కొనే ముందు నీ డిస్క్‌లో ఎంత మిగిలి ఉందో చూసుకో.

బ్రాడీపేట_వాసి, గుంటూరు:

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజులలోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. కాకపోతే ఆ 2 గంటలు అన్ని గేములకూ ఒకేలా సరిపోవు. ఎల్డెన్ రింగ్ మీ చేతికి కుదురుతుందో లేదో ఆ సమయంలో తేలిపోతుంది. ఎక్స్‌పెడిషన్ 33 నాందీ భాగం కూడా అందులోనే అయిపోయి, వంతులవారీ పోరాటం మీకు పడుతుందో లేదో తెలుస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో మాత్రం పాత్రను తయారుచేసుకోవడానికే చాలాసేపు పడుతుంది, ఓడ కూలి తీరానికి చేరి ఇద్దరు ముగ్గురు తోడు దొరికేసరికి ఆ గడువు దగ్గరపడుతుంది.

మీ అదృష్టం కొద్దీ మూడూ మూడు ఇళ్లలో ఉన్నాయి కనుక, కొనడానికి ముందు ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో మధ్యాహ్నం కూర్చుని చూడండి. స్నేహితుడు లెవెల్ పెంచి ఉంచిన పాత్రతో మాత్రం ఆడవద్దు, ఆ పాత్ర అప్పటికే అతని చేతికి తగ్గట్టు మలచబడి ఉంటుంది. కొత్త ఆట తెరిపించి, మీ పేరుతో మొదటి నుంచి మొదలుపెట్టండి.